లాభం తర్వాత ఒకటా, రెండా

1992 ఏప్రిల్, హుజూరాబాద్ పక్కన ఒక ఊరి హైస్కూలు. లెక్కల సారు మధుసూదన్‌రావు ఆరో తరగతి మార్కుల కాగితం మీద సంతకం పెట్టనని మొండికేశాడు. చెప్పి చూద్దామని వెళ్లిన ఇద్దరూ వట్టి చేతులతో తిరిగొచ్చారు. మూడో మనిషిగా సరోజన టీచరును పంపారు. ఆమె ఈ బడికి వచ్చి పది నెలలే అయింది. సంతకం ఒక్కటే పనైతే ఆమె అంతసేపు గడప దగ్గర తచ్చాడేది కాదు.

“ముప్పై రెండు మందిని ఫెయిల్ చేస్తరా సార్, ఒక్క మార్కు ప్రశ్నకు?”

“ఒక్క మార్కుదే. అయితేంది? మూడో ప్రశ్న తప్పితె మిగిలినయన్ని తప్పినట్టే. నా కాడ గంతే.”

“మిగిలినయి మంచిగనే చేసిండ్రు. నేను సూసిన. కూడికలు, గుణకారాలు, అన్ని.”

“ఏడికెంచి మొదలువెట్టాల్నో ఎరుక లేకుంట కూడితె ఏం ఫాయిదా?”

“హెడ్మాస్టర్ సారు నాలుగ్గంటలకు లిస్టు గోడకు అంటియ్యాలంటుండు. మీరు సంతకం వెట్టకుంటె వచ్చే ఏడు మీకు లెక్కలియ్యడట. సాంఘికం చెప్పుకొమ్మంటడట.”

“మంచిదే. సాంఘికంల ఎవలు సావరు.”

“లెక్కలల్ల ఎవలు సచ్చిండ్రు సార్?”

“కూసో. ఎండలవడి వచ్చినవ్. కుండల నీళ్లున్నయ్, తాగు.”

“వద్దు సార్.”

“మా బాయి నీళ్లే. ఊరంత తిరిగినా ఇంత తియ్యటి నీళ్లు దొరకయ్.”

“ఎరుకనే సార్. నేను సీసల తెచ్చుకుంట.”

“పది నెలలసంది సూస్తున్న. ఈ బళ్లె చుక్క నీళ్లు ముట్టవు. ఏమన్న పట్టింపా?”

“పట్టింపే అనుకోండ్రి. సంతకం సంగతి చెప్పుండ్రి.”

“ఆ ప్రశ్న సదువు.”

“సదివిన సార్.”

“మల్ల సదువు. బయటికి.”

“సున్న నుంచి తొమ్మిది దాక పూర్ణాంకాలు ఎన్ని?”

“పోరగాండ్లు ఏం రాసిండ్రు?”

“తొమ్మిది.”

“నువ్వేమంటవ్?”

“పది.”

“ఎట్ల?”

“సున్న గూడ ఉన్నది గద సార్. సున్న, ఒకటి, రెండు, మూడు… ఏళ్లు ముడిసి సూసుకున్నా పదే వస్తయి.”

“సున్నను ఎందుకు కలిపినవ్? సున్న అంటె ఏం లేకపాయె. ఏం లేనిదాన్ని లెక్కల వేస్తరా?”

“పుస్తకంల గట్లనే ఉన్నది. ఒకటి కాడ మొదలయితె సహజ సంఖ్యలు. సున్న కాడ మొదలయితె పూర్ణాంకాలు.”

“ఎవలు వెట్టిండ్రు గా నియమం?”

“ఎవలో పెద్దోళ్లు.”

“వెట్టేటప్పుడు నిన్నడిగిండ్రా? నన్నడిగిండ్రా? కల్లంల వడ్లు కొలిచేటోన్ని అడిగిండ్రా? ఒకటి ప్రధాన సంఖ్య ఎందుకు గాదు చెప్పు.”

“ఇప్పుడది ఎందుకు సార్?”

“చెప్పు.”

“రెండు భాజకాలు ఉండాలె. దానికి ఒక్కటే ఉన్నది.”

“రెండుండాలని ఎవలన్నరు?”

“అట్ల అనుకున్నరు సార్. అందరు ఒప్పుకున్నరు.”

“ఆఁ. ఒప్పుకున్నరు. గా మాట నీ నోట్లకెంచే వచ్చింది. లెక్కల తప్పుండది సరోజనా, ఒప్పందంల ఉంటది. ఇద్దరు మనుషులు చెరొక కాడ మొదలువెడ్తరు. ఇద్దరు పోయి ఒక్క అంకె కాడనే కలుస్తరు. ‘సరిపాయె గదా?’ అంటడొకడు. ‘సరిపాయె’ అంటడింకొకడు. ఇద్దరు నవ్వుకుంటరు.”

“తొమ్మిది కాడ కలిసిండ్రా సార్?”

“ఏంది?”

“ఏం లే.”

“తొమ్మిదని ఎందుకన్నవ్?”

“ప్రశ్నల ఉన్నది గదా. ఏటేట మీరు తొమ్మిదే ఇస్తరట. పదో తరగతోళ్లు చెప్పిండ్రు. ఒకటి, రెండు అని ఎవలన్న మొదలువెడ్తె బెత్తం తీస్తరట గద. ‘ముందు మొదలు చెప్పు, అటెన్క లెక్కవెట్టు’ అని.”

“కొట్ట. ఎన్నడు ఒక్క దెబ్బ కొట్టలే. బల్ల మీద సరుస్త. వాళ్లంత ఒక్కసారి ‘ఒకటి, రెండు’ అని అరుస్తె నాకు… ఇడువు. మీది శ్రీరాంపూరు గదా?”

“మా మేనమామది సార్. హనుమండ్లు మామ బొగ్గుబాయిల చేస్తడు. నాకు నాలుగేండ్లప్పుడు అవ్వ నన్ను తీస్కొని తోడవుట్టినోని క్వార్టర్‌కు పోయింది.”

“అంతకుముందు?”

“ఒక ఊరని లేదు. మా బాపు బాయిలు తవ్వెటోడు. ఎక్కడ బాయి పడితె అక్కడ గుడిసె. డెబ్బై రెండు కరువుల మీ ఊరికి గూడ వచ్చినమట.”

“పేరు?”

“ముత్యం.”

“జర ఆ ఫ్యాను బంద్ చెయ్యి. చప్పుడయితుంది.”

“కరెంటు లేదు సార్. ఫ్యాను తిరుగుతలేదు.”

“తిరుగుతలేదా?”

“పొద్దటిసంది లేదు.”

“పది నెలలు. పది నెలలసంది ఒక్క రూంల కూసుంటున్నవ్ నా ముంగట. ఒక్క మాట అనకపోతివి.”

“మీరు ఇరవై ఏండ్లసంది అనకపోతిరి గద సార్.”

“నేనేం అనాలె? ఊరందరికీ ఎరుకున్నదే. మా బాయి తవ్వంగ మీ బాపు పేలుడు మందు సరిగ్గ కూరలే. ఒక్కటి పేలకుంట మిగిలింది. దిగి గడ్డపార ఏసిండు. పేలింది. గంతే.”

“గది ఊరు చెప్పేది. మీరు చెప్పుండ్రి.”

“నేను గూడ గదే…”

“సార్, మా అవ్వ పానం మంచిగ లేదు. దవాఖానల ఇంటికి తీస్కపొమ్మన్నరు. మామ ఉత్తరం రాసిండు. ఇయ్యాల నాలుగ్గంటల బస్సుకు పోతున్న. పోంగ పోంగ మీ నోట ఒక్క మాట ఇనిపోదామని వచ్చిన. సంతకం హెడ్మాస్టర్ సారుది. గీ మాట నాది.”

“ఏం మాట?”

“మా బాపును నేనే సంపిన అంటది మా అవ్వ. ఇరవై ఏండ్లసంది గదే అంటది. అన్నం తినుకుంట అంటది, బట్టలు పిండుకుంట అంటది. బొగ్గుబాయి సైరన్ మోగితె కొంగు పిడికిట్ల పట్టుకొని నిలవడిపోతది. షిఫ్టు దిగినోళ్లు ఇండ్లకు రావట్టిందాక ఆ పిడికిలి ఇప్పది.”

“సమ్మవ్వనా? ఆమె ఎట్ల సంపుతది? ఆమె పైన ఆడోళ్లల్ల నిలవడి ఉండె.”

“పేరు యాదికున్నదా సార్?”

“ఉన్నది. మర్సిపోతె బాగుండు.”

“అయితె ఎవలు సంపిండ్రో మీకు ఎరుకనే గదా.”

“తలుపు దగ్గరికి వెయ్యి.”

“వేసే ఉన్నది సార్.”

“ఇను మరి. నడుమ ఏం అడగకు. ఆగితె మల్ల నోరు రాదు నాకు. ఆ ఏడు వానలు లెవ్వు. బాయి అడుగంటింది. మా బాపు మీ వాళ్లను పిలిపిచ్చిండు. ఇరవై గజాలు తవ్వినంక రాయి తగిలింది. పేల్చుడు తప్ప ఇంకో తొవ్వ లేదు. నేను కరీంనగర్‌ల డిగ్రీ సదువుతున్న అప్పుడు. సెలవులకొచ్చిన. ఇరవై రెండేండ్లోన్ని, లెక్కలల్ల కాలేజికే ఫస్టు. నేల మీద కాలు ఆనేది కాదు నాకు.”

“ఊఁ.”

“మీ బాపు కింద దిగి రాతికి బొక్కలు వేసి మందు కూరిండు. ఒక్కొక్క వత్తి ఒక్కొక్క పొడుగు. ఒకటి ఎన్క ఒకటి పేలాలె, పైనోళ్లు లెక్కవెట్టాలె. ఎన్ని అంటువెట్టినమో అన్ని పేలినయంటెనే మనిషి దిగాలె. గదే పద్ధతి. మీ బాపుకు మందు పేల్చి పేల్చి చెవులు సగం పోయినయ్. మా బాపు అన్నడు, ‘మావోడు డిగ్రీల లెక్కలే సదువుతుండు, ఇయ్యాల వాడు లెక్కవెడ్తడు తియ్యి’ అని. మీ బాపు ‘సరే దొరా’ అన్నడు. కని ఒక్కసారి ఎన్కకు తిరిగి సూసిండు. ఎవల దిక్కు సూసిండో, ఎందుకు సూసిండో నాకు సమజ్ కాలే.”

“నాకు ఎరుకనే సార్.”

“నడుమ అడగకంటి గదా.”

“అడగలే. చెప్పుండ్రి.”

“కిందికెంచి గొంతు వచ్చింది. అంటువెట్టుకుంట అంటుండు. ‘లాభం’ అన్నది ఇన్న. నడుమ మా బాపు ఏందో అడిగిండు, దానికి జవాబు చెప్పిన. మల్ల ఇనేటాళ్లకు ‘తొమ్మిది’ అన్నడు. బిర్రబిర్ర పైకొచ్చిండు. ఉరికి మట్టి కుప్ప ఎన్క పన్నడు. నేను లెక్కవెట్టిన. ఏళ్లు ముడుసుకుంట, పెద్దగొంతుతోటి. ఒకటి, రెండు, మూడు. తొమ్మిది పేలినయ్. ఇంక కొద్దిసేపు ఆగిన. ఏం చప్పుడు లేదు. ‘ముత్యం, తొమ్మిది’ అని కేకేసిన. ‘తొమ్మిదే గదా దొరా? సరిపాయె’ అన్నడు. నవ్విండు గూడ. చెయ్యి ఊపిన. దిగిండు.”

“లాభం సంగతి?”

“మా కల్లంల వడ్లు కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు. లాభం అంటరు. లాభం, రెండు, మూడు. మా ఇంట్ల లాభమంటెనే ఒకటి. ఒకటి అనుడు మంచిది కాదని గట్లంటరు, గంతే. అందరి ఇండ్లల్ల గదే అనుకున్న. నాకేం ఎరుక? ఆరు నెలలైనంక పక్కూరి కల్లంల మీ తాత జొన్నలు కొలువంగ ఇన్న. మొదటి కుంచం పక్కకు తీసి ‘లాభం’ అన్నడు. అది అడుక్కునేటోళ్లకట, లెక్కలకు రాదట. రెండో కుంచం ముంచి ‘ఒకటి’ అన్నడు. లాభం, ఒకటి, రెండు… తొమ్మిది. తొమ్మిది అనేటాళ్లకు పది అంటువెట్టిండు మీ బాపు. నేను తొమ్మిది ఇన్న, తొమ్మిదే పేలినయన్న; నేను గూడ లాభం పక్కకు తీసి చెప్పిననుకున్నడు ఆయన. ఆయన లెక్క తప్పు గాదు, నా లెక్క తప్పు గాదు. ఇద్దరి తొమ్మిది కలిసినయ్. కలిసినయనే సచ్చిండు. వేరే వేరే అంకెలయితె ఆగెటోడు గద. ఆ కల్లంలనే కూలవడ్డ. మీ తాత నాకు నీళ్లు తాపిండు. ‘ఎండ తగిలింది చిన్నదొరకు’ అన్నడు. ఆయన కొడుకును సంపినోన్ని నేనని ఆ ముసలాయనకు ఎరుక లేదు, నీళ్లు తాపిండు నాకు.”

“అప్పుడన్న చెప్పాలె గద సార్.”

“చెప్పాలె. అప్పటికే మందు సరిగ్గ కూరలేదని మా బాపు పోలీసోళ్లకు రాయిచ్చిండు. నన్ను అడిగితె అవునన్న. సచ్చినోని మీద వేస్తె ఎవలు ఎదురు మాట్లాడుతరు? మా బాపు పోయెటప్పుడు గూడ చెప్పలే. నా భార్యకు చెప్పలే. పోరగాండ్లకు మాత్రం ఏటేట మూడో ప్రశ్న ఇస్తున్న. వాళ్లకేం సమజయితది? పిచ్చి సారు అనుకుంటరు.”

“ఆ బాయిల నీళ్లు ఎప్పుడు వడ్డయి సార్?”

“గది ఎందుకు అడుగుతున్నవ్?”

“ఎప్పుడు వడ్డయి?”

“పదోది పేలంగనే. ఆ రాయి పలిగి ఊట వచ్చింది. మనిషిని పైకి తీసేటాళ్లకు మోకాలు లోతు నీళ్లు. ఇరవై ఏండ్లసంది ఆ నీళ్లతోటే రెండు పంటలు తీస్తున్నం. బడికి గూడ అవే వస్తయి. నువ్వు తాగకపోతె పట్టింపని అడిగిన సూడు, సిగ్గు లేకుంట.”

“తాగాలంటె గొంతు దిగది సార్.”

“నేను తాగుత. రోజు తాగుత. ఇంకొకటి చెప్పాల్నా? నీళ్లు కాదు, మీ బాపు కాదు, నన్ను పట్టి పీడించేది ఇంకొకటి. నేను చెయ్యి ఊపినప్పుడు గడ్డ మీద ఆడోళ్లు నిలవడి ఉండిరి. వాళ్లల్ల ఒకామె కొంగు పిడికిట్ల బిగవట్టుకొని నా దిక్కే సూసింది. బుగులుకనుకున్న. మొగడు దిగుతుంటె ఎవలికన్న బుగులుంటది గదా. కని ఆ పిడికిలి ఇప్పటికి యాదికొస్తది. బళ్లె పోరగాండ్లు చెయ్యి లేపితె గా పిడికిలే అవుపడ్తది.”

“మా అవ్వ.”

“సమ్మవ్వ అని అటెన్క తెలిసింది. అటియ్యి ఆ కాగితం.”

“ఏం చేస్తరు?”

“సంతకం వెడ్త. ముప్పై రెండు మంది పాస్. వాళ్లు చేసిన తప్పేంది? ఎవలూ ఒప్పందం చెప్పకుంట లెక్కవెట్టిపిచ్చిండ్రు, గంతే. ఇగో. హెడ్మాస్టర్‌కు ఇచ్చి రా. నేను చెప్పులు తొడుక్కుంట.”

“ఎక్కడికి సార్?”

“నాలుగ్గంటల బస్సంటివి గదా. నేనొస్త. మీ అవ్వ ముంగట నిలవడి చెప్త. ‘సమ్మవ్వా, నువ్వు సంపలే, నేను సంపిన. లాభాన్నే ఒకటి అనుకున్నోన్ని నేను’ అని. ఆమె ఉమ్మేసినా పడ్త. ఈ మాట ఇరవై ఏండ్ల ముందు చెప్పాల్సింది. ఇప్పుడన్న చెప్పనియ్యి.”

“చెప్పినా నమ్మది సార్.”

“ఎందుకు నమ్మది? నా నోటితోటి చెప్తుంటె ఎందుకు నమ్మది?”

“లాభం సంగతి మా అవ్వకు ఎరుక లేదు సార్. ఒకటో రెండో గూడ ఎరుక లేదు. ఆమెకు అంకెలు రావు. అయిదు దాటితె తప్పుతది.”

“మరి? అంకెలే రానామె తననెందుకు అనుకుంటది?”

“బాపుతోటి ఊరూరు తిరిగింది గదా. ఎన్ని పేలినయో ఆయనకు చెప్పేది ఆమెనే. బాపుకు చెవులు లెవ్వని మీరే అంటిరి.”

“అంకెలు రాకుంట ఎట్ల చెప్తది?”

“బాపు ఒక్కొక్క వత్తి అంటువెట్టి మీదికి ఒక్కొక్క కేక ఏసెటోడు. కేక కేకకు ఒక రాయి కొంగుల ఏసుకునేది. చిన్న రాళ్లు, గోలీకాయంత. అటెన్క ఒక్కొక్కటి పేలినప్పుడల్ల ఒక్కొక్క రాయి తీసి పారేసేది. కొంగు ఖాళీ అయితె బాపు దిక్కు తిరిగి దులిపి సూపేది. ఆమె కొంగు దులిపితెనే ఆయన దిగేటోడు. పదేండ్లు గట్లనే చేసిండ్రట. ఎన్ని బాయిలో. ఒక్కసారి తప్పలే.”

“గదే. అరె, గదే గద అసలు లెక్క. దానికి ఒకటి వద్దు, సున్న వద్దు. ఏడికెంచి మొదలని అడిగే పనే లేదు. నేను ఇన్నేండ్లు బల్ల మీద సరిసి చెప్పలేనిది ఆమె కొంగుల ఉండె.”

“ఆ దినం బాపు ఎన్కకు తిరిగి సూసిండంటిరి సూడుండ్రి. మా అవ్వ దిక్కు సూసిండు. ‘ఇయ్యాల వద్దంట’ అన్నట్టు. దొర మాట కాదంటడా?”

“రాళ్లు ఏసుకోలేదా మరి ఆమె?”

“ఏసుకున్నది సార్. చెయ్యికి అలవాటు గదా. ఎవలు అడగకున్నా ఏసుకున్నది.”

“పేలినప్పుడు పారేసిందా?”

“పారేసింది.”

“కొంగు దులిపిందా? సరోజనా, కొంగు దులిపిందా లేదా?”

“నోటిదాక వచ్చిందట మాట. సదువుకున్న చిన్నదొర అంత పెద్దగొంతుతోటి చెప్పిండు, చెయ్యి గూడ ఊపిండు, నా రాళ్లకు ఏం ఎరుక, నేనే ఒకటి ఎక్కువ ఏసుకున్ననేమో అనుకున్నదట. పిడికిలి బిగవట్టుకొని నిలవడ్డది. బాపు మల్ల ఆమె దిక్కు సూడలే.”

“ఎన్ని పారేసింది?”

“చెయ్యి సాపుండ్రి సార్.”

“ఏంది గిది? ఇంత చిన్న రాయి… ఎక్కడిది?”

“మా అవ్వ కొంగు ముడిలది, మామ ఉత్తరంల పెట్టిచ్చి పంపింది. గది పదోది సార్.”